దిగులు జబ్బు మందులు - కడుపులో పుండు

వరంగల్ ప్రాంతమున ప్రత్తి, మిర్చి పండించు గ్రామములలో రెండు బాధలు ఒకే ఇంట కానవచ్చుట కలదు. ఒకటి మనస్సును క్రుంగదీయు దిగులు జబ్బు; రెండవది నడుము, మోకాళ్ల నొప్పి. మొదటిదానికి డాక్టరు మాత్రలు వ్రాయును. రెండవదానికి మాత్రలను అంగడిలో కొనుక్కొందురు. ఈ రెండు రకముల మాత్రలు ఒకే కడుపున చేరినపుడు కలుగు ప్రమాదమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మిక్కిలి అవసరము.

దిగులు జబ్బునకు నేడు తరచుగా ఇచ్చు మందులు ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ మున్నగునవి. ఇవి మెదడులో సెరటోనిన్ అను పదార్థముపై పనిచేయును. ఆ పదార్థమే నెత్తురు గడ్డకట్టుటకును తోడ్పడును. రక్తములోని ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు దానిని గ్రహించి నిలువచేసికొని, గాయమైన చోట విడుదల చేయును. ఈ మందులు ఆ గ్రహణమును అడ్డగించును. కావున కడుపులో పుండున్నవారికి నెత్తురు కారినచో త్వరగా ఆగకపోవచ్చును. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీయును. రెండును కలిసినపుడు ప్రమాదము హెచ్చును. వృద్ధులకును, పూర్వము పుండు వచ్చినవారికిని మరింత జాగ్రత్త కావలెను.

అట్లని దిగులు మందును భయపడి మానరాదు. దానిని వాడువారిలో అత్యధికులకు రక్తస్రావము కలుగదు. హఠాత్తుగా మానినచో తలతిరుగుడు, ఆందోళన కలుగవచ్చును. జబ్బు తిరుగబెట్టి ప్రాణమునకే ముప్పు రావచ్చును. పాత పుండు సంగతియు, వాడుచున్న అన్ని మాత్రల సంగతియు డాక్టరుకు చెప్పవలెను. ఆయన అవసరమును బట్టి ఆమ్లమును తగ్గించు మందును జతచేయును, లేదా మందును మార్చును.

అనేకుల పుండునకు మూలము హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి. దీనిని 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొని, 2005లో నోబెల్ బహుమానమును పొందిరి. పరీక్షచే దీనిని గుర్తించి మందులతో నిర్మూలింపవచ్చును.

తారువలె నల్లని విరేచనము, నెత్తుటి వాంతి, కాఫీపొడి వంటి వాంతి, కండ్లు తిరుగుట - ఇవి అపాయ సూచనలు. నాటువైద్యముతో కాలయాపన చేయక వెంటనే 108 వాహనమును పిలిచి, వరంగల్ ఎం.జి.ఎం. వంటి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. వాడుచున్న మాత్రల అట్టలను వెంట తీసికొనిపోవలెను.

పంచాయతీ సభ్యులు ఈ సంగతులను గ్రామసభలో చెప్పవలెను. చీటి లేని నొప్పి మాత్రలను ఎక్కువ దినములు వాడవద్దని హెచ్చరింపవలెను. దిగులుతో నలుగువారికి 14416 టెలిమానస్ సంఖ్యను తెలుపవలెను. మనస్సునకు మందు వాడుట సిగ్గుపడవలసిన విషయము కాదని గ్రామము గ్రహించిననాడు, రోగి దాచక డాక్టరుకు అన్నియు చెప్పగలుగును. ప్రాణరక్షణకు అదియే మొదటి మెట్టు.