తక్కువమంది వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌లకు గేమ్‌లు

మీ కంప్యూటర్‌లో లినక్స్ ఉంటే, మీకు నచ్చిన గేమ్ విండోస్‌లోనే నడుస్తుందని తెలిసి నిరాశపడే ఉంటారు. వాడేవారు తక్కువ, రాబడి తక్కువ అంటారు తయారీదారులు. అది అబద్ధం కాదు, కాని అసంపూర్ణం.

రాకెట్ లీగ్ అనే గేమ్‌ను పరిశీలిద్దాం. 2020 మార్చిలో దానికి మ్యాక్, లినక్స్ మద్దతు ఆపేశారు. ఆ రెండింటిలో కలిపి ఆడేవారు 0.3 శాతం లోపేనని తయారీ సంస్థ తెలిపింది. విండోస్‌లో డైరెక్ట్‌ఎక్స్ 9 నుంచి 11కు మారడంతో, మిగతా రెండింటికీ గ్రాఫిక్స్ భాగాన్ని విడిగా రాయవలసి వచ్చేది. గేమ్‌ను ఒకసారి మార్చి ఇస్తే పని తీరదు. ప్రతి అప్‌డేట్‌నూ మూడు చోట్లా పరీక్షించాలి, అసలు ఖర్చు అక్కడే. కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తామన్నారు గాని, వారికి ఆన్‌లైన్ ఆట మాత్రం పోయింది.

2018లో వాల్వ్ సంస్థ ప్రోటాన్‌ను విడుదల చేయడంతో ఈ లెక్క మారింది. విండోస్ కోసం గేమ్ పంపే ఆదేశాలను లినక్స్‌కు అర్థమయ్యేలా ఇది మారుస్తుంది. 1993లో మొదలైన వైన్ దీనికి పునాది. అందువల్ల చాలా గేమ్‌లకు ప్రత్యేక లినక్స్ వెర్షన్ అక్కరలేదు. చిక్కల్లా మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్‌తోనే. ఈజీ యాంటీ-చీట్ 2021 నుంచి ప్రోటాన్‌లోనూ పనిచేయగలదు, కాని అందుకు తయారీదారు అనుమతించాలి. కొనసాగించలేని లినక్స్ వెర్షన్ ఇవ్వడం కన్నా, ఆ అనుమతి ఇచ్చి ప్రోటాన్‌లో పరీక్షించడమే మేలని నా అభిప్రాయం.