బొమ్మ యింజనుకు పొగమసి

బొమ్మల దుకాణములో అద్దముల వెనుక మెరయు రైలుఇంజనును చూచి ముచ్చటపడనివారుండరు. అయినను, దానిని ఇంటికి తెచ్చి పట్టాలపై నిలిపి నిదానముగా చూచినచో మనస్సునకు ఏదో వెలితి తోచును. ఆకారము సరిగానే యున్నది. చక్రములు లెక్కకు సరిపోయినవి. కాని ఆ యింజను ఎన్నడును బొగ్గు మండించలేదనియు, వానలో తడియలేదనియు ఇట్టే తెలిసిపోవుచున్నది. ఈ వెలితిని తీర్చుట ఇంగ్లండులో ఎందరికో ప్రియమైన సాయంకాలపు వ్యాసంగము. అది యెట్టిదో నేడు ముచ్చటించుకొందము.

అచ్చట మిక్కిలి వాడుకలోనున్న కొలతను 'డబుల్ ఓ' అందురు. అసలు యింజనులోని ఒక అడుగు బొమ్మలో 4 మిల్లీమీటర్లు. అనగా ఒక అంగుళము మిల్లీమీటరులో మూడవ వంతు. ఆరడుగుల డ్రైవరు 24 మిల్లీమీటర్ల మనిషి యగును. ఇందులో ఒక చిక్కు కలదు. బొమ్మపట్టాల నడిమి ఎడము 16.5 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారము అది 4 అడుగుల ఒకటిన్నర అంగుళములే. అసలు ఎడము 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళములు. అడుగునకు 3.5 మిల్లీమీటర్ల కొలతకు ఆ పట్టాలు చక్కగా సరిపోవును. కాని బ్రిటిషు యింజనుల ఒడలు ఇరుకైనది. ఆనాటి మోటార్లు ఆ కొలతలో ఇమడలేదు. అందుచే పట్టాలను అట్లే యుంచి ఒడలిని మాత్రము పెంచిరి. ఈ లోపమును సవరించుట సామాన్యులకు కష్టము. చూపరుల కన్ను పట్టాలమీదికి పోక యింజనుమీదనే నిలుచునట్లు చేయుటయే మనకు సాధ్యమైన పని.

ఉదాహరణమునకు 'బ్లాక్ ఫైవ్' అను యింజనును తీసికొందము. విలియం స్టేనియరు రూపొందించిన ఈ తరగతిలో 1934 మొదలు 1951 వరకు 842 యింజనులు తయారైనవి. ప్రయాణికుల బండికిని, సరకుల బండికిని ఒక్క తీరున పనికివచ్చినవి. ఇన్నింటిలో మన బొమ్మ దేనికి ప్రతిరూపము? ఏ యేటి ప్రతిరూపము? పని ప్రారంభింపకమునుపే ఈ ప్రశ్నలకు సమాధానము కావలెను. 1968 ఆగష్టు 11వ తేదీన బ్రిటిషు రైల్వే ప్రధాన మార్గములపై తన చివరి ఆవిరి ప్రయాణికుల బండిని నడపినప్పుడు, తొలి దశలోను తుది దశలోను దానిని లాగినది 45110 సంఖ్యగల బ్లాక్ ఫైవ్. ఆనాడు దానిని తుడిచి ముస్తాబుచేసిరి. ఆ దినపు బొమ్మకు మసి పూయుట తప్పు; అంతకు ముందటి పనిదినముల బొమ్మకు పూయకుండుట తప్పు. కనుక, తేదీ తెలిసిన ఛాయాచిత్రమును ముందుంచుకొనుట మొదటి నియమము.

రెండవది ఆకారపు సవరణ. ముందుభాగమున నున్న పెద్ద ప్లాస్టిక్ కొక్కెమును తీసి సన్నని గొలుసుకొక్కెమును తగిలింపవలెను. వెనుక కొక్కెము బండిని లాగవలసినది గనుక దాని నుండనీయవచ్చును. ఒక మిల్లీమీటరు మందముగల చేతికమ్మి అసలు యింజనుపై మూడు అంగుళముల దూలమగును. దానిని తీసి సన్నని తీగను అమర్చినచో రూపము ఒక్కసారిగా తేటపడును. టెండరులోని ప్లాస్టిక్ బొగ్గుపై పలుచని తెల్ల జిగురు రాచి, నిజమైన బొగ్గును నలిపి చల్లవలెను. డ్రైవరును, బొగ్గువేయు ఫైర్‌మనును నిలుపవలెను. మనిషి లేని యింజను ఎంత అందమైనదైనను పాడుపడిన యిల్లే.

మూడవది మసి. మసి యన్నంతనే నల్లరంగు పులుముట కాదు. ఏ మురికి ఎచ్చటినుండి వచ్చినదో ఆలోచింపవలెను. పొగగొట్టపు మసి బాయిలరు పైభాగమునను, క్యాబు కప్పుపైనను పడును. ఇనుప బ్రేకులు అరిగి రాలిన పొడి చక్రములను, క్రింది చట్రమును తుప్పురంగు చేయును. ఆవిరి కారిన చోట నీటిలోని సున్నము తెల్లని చారలుగా దిగును. కదలు కడ్డీలపై నూనె నిగనిగలాడును. వాన మురికిని పైనుండి క్రిందికి దించును గనుక కుంచెను ఎల్లప్పుడు నిలువునను నడపవలెను. బాగుగా పలుచన చేసిన గోధుమవన్నె రంగును పూసి, ఆరకమునుపే గుడ్డతో తుడిచివేసినచో మూలలలో మాత్రము అది నిలుచును. ఒక్కమారు ముదురుగా పూయుటకంటె పలుమారులు పలుచగా పూయుట మేలు.

మా అనుభవ మొకటి చెప్పవలసియున్నది. మొదటిమారు మేము ఉత్సాహముతో చక్రముల అంచులకు కూడ తుప్పురంగు వేసితిమి. చూపునకు అద్భుతము, కాని ఇంజను కదలలేదు. ఈ బొమ్మలకు 12 వోల్టుల విద్యుత్తు పట్టాలనుండి చక్రముల ద్వారానే అందును. రంగు ఆ దారిని మూసివేసినది. ఒక రాత్రియంతయు గోకితిమి. ఆనాటినుండి మొదటి ప్రయోగము పాత పెట్టెమీదనే చేయుచున్నాము.

"వెలపెట్టి కొన్న వస్తువును పాడుచేసికొనుట యెందుకు?" అని యింటివారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఆవిరియుగపు చివరి సంవత్సరములలో బ్రిటనులోని షెడ్లలో యింజనులను తుడుచుటకు మనుషులు చాలకపోయిరి. కార్ఖానాలలో పని సుళువైనది, జీతము మెరుగైనది. మసిపనికి యువకులు రాలేదు. అయినను బండ్లు నడచినవి. సంఖ్య కనబడుటకై క్యాబు ప్రక్కను అంతమేర మాత్రము గుడ్డతో తుడిచి పనికి పంపిన సందర్భములు కలవు. బొమ్మపై ఆ చిన్న శుభ్రమైన చోటును వదలినచో, ఎవరో ఒక పనివాని చేయి అచ్చట కనబడును. మెరయు బొమ్మలో కార్ఖానా నేర్పు మాత్రమే యున్నది. మసిబారిన బొమ్మలో దానిని నడపినవారి శ్రమ కూడ నున్నది. పొగబండిలో కిటికీ ప్రక్క కూర్చుండి కంట నలుసు పడినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.