ఓడితే ఆమె... గెలిస్తే అతను!

మగ ఆటగాడికి ఆడ కోచ్ ఏమిటి?

2014 జూన్‌లో టెన్నిస్ లోకం ముక్కున వేలేసుకుంది. బ్రిటన్ ఆటగాడు ఆండీ ముర్రే ఫ్రాన్స్‌కు చెందిన అమేలీ మౌరెస్మోను కోచ్‌గా పెట్టుకున్నాడు మరి! అంతకు ముందు ఏడాదే వింబుల్డన్ గెలిచి, పురుషుల సింగిల్స్ కప్పు కోసం బ్రిటన్ 77 ఏళ్లుగా పడ్డ ఎదురుచూపులకు తెరదించినవాడు. అయినా అతనికి ఇదేమంత వింత కాదు. చిన్నప్పుడు ఆట నేర్పిన మొదటి కోచ్ తల్లి జూడీయే.

ఇంతకీ ఎవరీ మౌరెస్మో? 2004లోనే ప్రపంచ నంబర్ వన్. గ్రాండ్ స్లామ్ కప్పు మాత్రం అందినట్టే అంది జారిపోయేది. పెద్ద మ్యాచ్ అంటే కంగారు పడుతుందని పేరు పడిపోయింది. 2006లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచినా, ఫైనల్లో జస్టిన్ హెనిన్ కడుపునొప్పితో మధ్యలోనే తప్పుకోవడంతో, అదీ ఒక గెలుపేనా అన్నవాళ్లున్నారు. అదే ఏడాది వింబుల్డన్ ఫైనల్లో అదే హెనిన్ ఎదురైంది. మొదటి సెట్ పోయింది. తర్వాతి రెండూ మౌరెస్మోవే!

భయం అంటే ఏమిటో, దాన్ని ఎలా దాటాలో తెలిసిన మనిషి. కోచ్‌కు అంతకన్నా ఏం కావాలి?

2009 డిసెంబర్‌లో ఆట మానేసింది. మరుసటి ఏడాదే తన దేశపు ఆటగాడు మైకేల్ లొద్రాకు సాయపడింది. 2012 నుంచి ఫ్రాన్స్ ఫెడ్ కప్ జట్టుకు కెప్టెన్. చిన్నప్పటి నుంచీ తండ్రి శిక్షణలోనే పెరిగిన మారియన్ బార్తోలీ, 2013లో మౌరెస్మో సాయం తీసుకుని ఒక్క సెట్ కూడా ఓడకుండా వింబుల్డన్ గెలిచింది.

ఆడటం వేరు, ఆడించడం వేరు. ఆడేవాళ్లు ఒక బంతి పోతే ఇంకో బంతితో దిద్దుకోవచ్చు. కోచ్ స్టాండ్‌లో కూర్చుని చూడాల్సిందే. అప్పట్లో గ్రాండ్ స్లామ్ మ్యాచ్ మధ్యలో సలహా చెప్పడం కూడా నిషేధమే.

మౌరెస్మోను కోచ్‌గా పెట్టుకునేనాటికి ముర్రేకి వెన్ను ఆపరేషన్ జరిగి ఏడాది కూడా కాలేదు. 2014 నవంబర్‌లో లండన్‌లో ఫెదరర్ చేతిలో 6-0, 6-1తో చిత్తయ్యాడు. ఇంకేముంది, అందరి వేళ్లూ మౌరెస్మో వైపే! పాత కోచ్‌ల దగ్గర ఓడినప్పుడు వాళ్లనెవరూ ఏమీ అనలేదే అని ముర్రేకే ఒళ్లు మండింది. మనకు ఈ లెక్క కొత్తేం కాదు లెండి. పిల్లాడు ఫస్టు వస్తే నాన్న పోలిక, తప్పితే అమ్మ పెంపకం!

రెండు నెలలు తిరిగేసరికి ముర్రే ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో ఉన్నాడు. ఆడవాళ్లు కూడా మంచి కోచ్‌లు కాగలరని ఈ వారం చూపించామని సెమీస్ గెలవగానే కోర్టులోనే చెప్పాడు. అంతవరకు మట్టి కోర్టు మీద ఒక్క టైటిల్ కూడా లేని అతను 2015 మే నెలలో మ్యూనిక్, మాడ్రిడ్ రెండూ గెలిచాడు. మాడ్రిడ్ ఫైనల్లో ఓడించింది మట్టి కోర్టు మహారాజు నాదల్‌ని! ఆడవాళ్లకు సమాన అవకాశం కోసం పోరాడటమే స్త్రీవాదమైతే తానూ స్త్రీవాదినేనని ఆ ఏడాదే ఒక ఫ్రెంచి పత్రికలో రాశాడు.

నెలలు నిండుతున్నా మౌరెస్మో ఆ ఏడాది వింబుల్డన్‌కు వెళ్లింది. ఆగస్టులో బాబు పుట్టాడు. 2016 జనవరిలో మళ్లీ స్టాండ్‌లో కూర్చుంది. కానీ చంటిబిడ్డతో దేశాలు తిరగడం మాటలా? మే నెలలో ఇద్దరూ విడిపోయారు. పాత కోచ్ ఇవాన్ లెండిల్ తిరిగొచ్చాడు, ముర్రే మళ్లీ వింబుల్డన్ గెలిచాడు. మౌరెస్మో కాలంలో గ్రాండ్ స్లామ్ రాలేదన్నది నిజమే. ఆపరేషన్ తర్వాత తడబడుతున్న మనిషిని మళ్లీ ఫైనల్స్ దాకా నడిపించింది ఎవరన్నది కూడా రాసుకోవాలి కదా!

2018లో డేవిస్ కప్ జట్టు కెప్టెన్‌గా ఎంపికై, ఆ పదవి వదులుకుని మరీ లుకా పుయ్‌కి కోచ్‌గా వెళ్లింది. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అయిదుసార్లు ఆడి ఒక్క మ్యాచ్ కూడా గెలవనివాడతను. 2019లో ఏకంగా సెమీస్ చేరాడు. మహిళా కోచ్ గురించి అడిగితే ఆడా మగా అన్నది లెక్క కాదని, పని తెలియాలని, ఆమెకు తెలుసని తేల్చేశాడు.