పొద్దుటి పొగ, బండి మూలుగు

మా తమ్ముడు గాజుల వ్యాపారి. సర్ఖనిలో ఇంటి ముందు చిన్న దుకాణం ఉన్నప్పటికీ వాడి సంపాదన అంతా బండి మీదనే. పొద్దున్నే గాజుల పెట్టెలు వెనుక కట్టుకొని చుట్టుపట్ల తాండాలకు, సంతలకు పోతాడు. నవరాత్రులు వచ్చాయంటే మాహూరు రేణుకాదేవి కొండకు జనం విరగబడి వస్తారు గనుక ఆ తొమ్మిది రోజుల అమ్మకమే వాడికి కొన్ని నెలల తిండి. పోయిన సంవత్సరం ఆ నవరాత్రులకు సరిగ్గా పన్నెండు రోజుల ముందు బండి మూలుగు మొదలుపెట్టింది.

బండి పాత హీరో హోండా. దాదాపు పాతికేళ్ళు మా రోడ్ల దుమ్ము తిన్నది. మెకానిక్కుకు చూపిస్తే, "ఫుల్ ఇంజను చేయాలె, పది పదిహేను రోజులు పడుతుంది" అన్నాడట. పండగ గడిచాక బండి చేతికొస్తే ఏమి లాభం? మా తమ్ముడి ముఖం చూడలేక, "ఇంట్లోనే విప్పుదాం" అనేశాను. నేను లెక్కలు చెప్పి రిటైరైన బడిపంతులను. ఒకప్పుడు పొలంలో నీళ్ళ ఇంజను విప్పి బిగించిన అనుభవం తప్ప వేరే అర్హత లేదు.

బండి పొగ వదలడం అంతకు ఏడాది ముందే మొదలయిందని అప్పుడు బయటపడింది. "పొగ రాకుంటే బండి ఎట్లయితదన్నా?" అన్నాడు తమ్ముడు. వాడి తప్పు కాదు. మా నాన్నగారి స్కూటరు రోజుల్లో పెట్రోలులో ఆయిలు కలిపి పోసేవారు. టూ స్ట్రోక్ ఇంజనుకు అదే ఆహారం, పొగ దాని శ్వాస. బుల్లెట్టు వంటి పెద్ద బండ్లను విడిచిపెడితే, ఫోర్ స్ట్రోక్ ఇంజను మామూలు సంసారుల ఇళ్ళలోకి వచ్చింది 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చిన తరువాతనే. ఇందులో ఆయిలు వేరు, పెట్రోలు వేరు. నీలిపొగ వచ్చిందంటే ఆయిలు పోకూడని చోటికి పోతున్నదన్న మాట.

ఎక్కడి నుంచి పోతున్నదో ఇంజను విప్పక ముందే చాలావరకు చెప్పవచ్చును. రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున స్టార్టు చేయగానే గుప్పున నీలిపొగ వచ్చి, కాసేపటికి తగ్గిపోతే అనుమానం వాల్వు సీళ్ళ మీద. ఇంకొక గుర్తు మాహూరు కొండ దిగేటప్పుడు తెలుస్తుంది. యాక్సిలరేటరు మూసి గేరులోనే దిగుతుంటే ఇంజను లోపల గాలి పీల్పు ఎక్కువై, వాల్వు కాడ పక్కనుంచి ఆయిలును లాగుతుంది. అడుగున చేరి యాక్సిలరేటరు తిప్పగానే వెనుక పొగ మేఘం లేస్తుంది. అట్లా గాక కొండ ఎక్కేటప్పుడు బరువు మీద పొగ ఎక్కువైతే రింగులు అరిగాయని అనుకోవాలి. మా బండి ఎక్కేటప్పుడు శుభ్రంగానే ఎక్కి, దిగి పొగ వదిలేది.

ఈ వాల్వు సీలు చిటికెనవేలి కొసంత రబ్బరు టోపీ. హెడ్డులో కామ్ షాఫ్టుకు, రాకర్లకు ఆయిలు పారాలి గదా! వాల్వు కాడ కదిలే గైడు అనే గొట్టం నెత్తిన ఈ టోపీ కూర్చుని, కాడ తడవడానికి కావలసిన ఆయిలును మాత్రమే కిందికి వదులుతుంది. ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు గట్టిపడుతుంది. మేము తీసిన సీళ్ళు గోటితో నొక్కితే ఎండిన చింతగింజల్లా ఉన్నాయి.

సీలు ఖరీదు తక్కువ, అందుకనే చాలామంది దాన్ని మార్చి ఊరుకుంటారు. గైడు అరిగి కాడ లోపల ఊగుతుంటే కొత్త సీలు ఎన్నాళ్ళు ఆగుతుంది? కాడ ఊగినప్పుడల్లా సీలు పెదవి ఒక పక్క నలిగి, కొన్నాళ్ళకు పొగ మళ్ళీ మొదటికి వస్తుంది. కాబట్టి ముందు వాల్వును గైడులో పెట్టి అటూ ఇటూ కదిలించి చూడాలి. మాది ఇన్‌లెట్ గైడు బాగుంది, ఎగ్జాస్టుది ఊగింది. హెడ్డు సంచిలో వేసుకొని కిన్వటు లేత్ షాపుకు పోయి గైడు మార్పించి, సీటు సరిచేయించుకొని వచ్చాను. ఇంటి దగ్గర గ్రైండింగు పేస్టుతో వాల్వు రుద్ది, పోర్టులో కిరసనాయిలు పోసి చూస్తే బొట్టు దిగలేదు.

సీలు ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త. వాల్వు కాడ పైకొసన కాటర్లు పట్టే గాడి అంచు కత్తిలా ఉంటుంది. కొత్త సీలును ముందే గైడు మీద కూర్చోబెట్టి వాల్వును కిందనుంచి తోస్తే ఆ అంచు రబ్బరును కోస్తుంది. కాడకు ఆయిలు రాసి, గాడి మీద పలుచని ప్లాస్టిక్కు కాగితం చుట్టి దోయాలి. ఇక ఆ కాటర్లంటారా, నువ్వుగింజకు అన్నలు. ఒకటి ఎగిరి మా మరదలి బియ్యం చేటలో పడింది. బియ్యం ఏరడంలో ఆమెకున్న నేర్పు వల్ల దొరికింది.

ఇంతవరకు బాగానే ఉంది. మూలుగు మాత్రం హెడ్డుది కాదు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే టాపెట్ల టికటిక వేరు, కింద క్రాంకు దగ్గర తిరగలి విసిరినట్లు వచ్చే గుర్రుమనే చప్పుడు వేరు. క్రాంకు కడ్డీ పైకీ కిందికీ లాగి చూస్తే ఆట లేదు. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే. అది పైకీ కిందికీ ఆడితే ఇంట్లో అయ్యే పని కాదు, ప్రెస్సు ఉన్న షాపుకు పోవలసిందే. మావి బేరింగులు మాత్రమే పోయాయి.

బేరింగు మీది అంకె చూసి కొనాలి. 6304 అని ఉందనుకోండి, చివరి 04ను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు. పక్కన సీ3 అని ఉంటే, వేడికి ఉబ్బినా బిగుసుకోకుండా లోపల మామూలుకన్నా కాస్త ఎక్కువ ఖాళీ ఉంచినదని అర్థం. పాతదాని మీద సీ3 ఉంటే కొత్తదాని మీదా ఉండాలి.

ఇన్ని తెలిసినవాణ్ణి తొందరలో సుత్తి పట్టాను. నవరాత్రులకు అయిదు రోజులున్నాయి. కేసింగులో బేరింగు నిలిపి లోపలి వలయం మీద నాలుగు దెబ్బలు వేశాను. కూర్చుంది, కాని వేలితో తిప్పితే ఇసుక పోసినట్లు కరకరమన్నది. కేసింగులో బిగిసేది బయటి వలయం, దెబ్బ పడింది లోపలి వలయం మీద. మధ్య ఉన్న గుండ్లు ఆ దెబ్బంతా మోసి తాము పరుగెత్తే దారిలో గుంటలు చేశాయి. కొత్త బేరింగు డబ్బు మట్టిలో పోసినట్లయింది. తమ్ముడు ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

రెండవది తెచ్చి రాత్రంతా ఫ్రిజ్జులో మంచుగడ్డల అరలో పెట్టాము. పొద్దున కేసింగును ఇంకుతున్న నీటిబొట్టు చుయ్యిమనేదాకా అన్ని వైపులా కాచాము. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. 50 మిల్లీమీటర్ల రంధ్రం ఎనభై డిగ్రీల వేడి పెరిగితే మిల్లీమీటరులో పదోవంతుకు దగ్గరగా విచ్చుకుంటుంది. చేతికి గుడ్డ చుట్టుకొని వదిలితే బేరింగు టక్కున దానంతట అదే కూర్చుంది! "పెద్దనాయనా, నిన్న సుత్తి ఎందుకు?" అన్నాడు మా తమ్ముడి కొడుకు.

బేరింగు కూర్చునే చోటు తిన్నగా లేకపోతే ఏమవుతుందో స్వీడన్ దేశపు బట్టల మిల్లు ఒకటి చెబుతుంది. గోథెన్‌బర్గులో ఆ మిల్లు కింద నేల బంకమన్ను. నేల కదిలినప్పుడల్లా షాఫ్టులు వంకరపోయి బేరింగులు పాడయ్యేవి. అక్కడి ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ షాఫ్టు కొద్దిగా వంగినా తానే సర్దుకునే బేరింగును 1907లో కనిపెట్టాడు, ఎస్‌కేఎఫ్ కంపెనీ ఆ ఏడే పుట్టింది. నల్లరేగడిలో ఇల్లు కట్టి ప్రతి వేసవిలో గోడ నెర్రెలు పూడ్చుకునే మనకు ఆ బాధ తెలియనిది కాదు. మన బండిలో ఉన్నవి అట్లా సర్దుకునే జాతి కావు. అందుకని కేసింగు గూడులో మురికి, గీత లేకుండా తుడిచి చూడాలి.

నవరాత్రుల ముందురోజు సాయంత్రం బండి నిలిచింది. మరుసటి పొద్దున చల్లని ఇంజనును తన్నితే గొట్టం వెనుక పట్టిన తెల్లగుడ్డ తెల్లగానే ఉన్నది. తమ్ముడు గాజులు కట్టుకొని మాహూరు పోయి, రాత్రి కొండ దిగి వచ్చి, "దిగినంక రెండు సార్లు ఆగి ఎనుకకు చూసిన" అన్నాడు. కామ్ చైను మాత్రం ఇంకా కొంచెం మోగుతున్నది. దాని సంగతి దీపావళి అయ్యాక చూడాలనుకొన్నాము.