‘ఆపరాదు’ అంటే ఆపమనా, వద్దనా?

ఆదివారం పాత పుస్తకాల కోసం అబిడ్స్ పోతే, నా కళ్లు పుస్తకాల కన్నా ముందు గోడల మీద పడతాయి. ‘ఇచ్చట వాహనములు నిలుపరాదు’. గోడ మీదుంటే వద్దని అర్థం. అదే ‘రాదు’ మా పెద్దమ్మ నోట వింటే? ‘జర బండి ఆపరాదు బిడ్డా, చాయ్ తాగి పోదువు!’ కూసోరాదు, తినరాదు, ఉండరాదు... ఇంట్లో ఇవన్నీ రమ్మని పిలుపులే. గొంతులో ఆ సాగదీత ఉంటుంది. బోర్డుకు గొంతెక్కడిది? చలానా మాత్రం బోర్డు అర్థానికే వస్తుంది, పెద్దమ్మ అర్థానికి కాదు.

నాంపల్లి స్టేషన్ దాటితే పబ్లిక్ గార్డెన్స్. దాన్నే ఉర్దూలో బాగ్-ఎ-ఆమ్ అంటారు. ఆమ్ అంటే జనం. ఆమ్ అంటే మామిడి కూడా! ఎండాకాలం పేరు విని వచ్చినోడు పండ్ల కోసం చెట్లు చూస్తే తప్పేముంది?

దీనికి నవ్వుకోవచ్చు గానీ, స్టేషన్ పేరుతో మాత్రం జాగ్రత్త. మెట్రోకు, ఆటో అన్నకు, మనకు అది నాంపల్లి. రైల్వే లెక్కలో హైదరాబాద్ దక్కన్. ఊరి నుంచి వచ్చిన చుట్టానికి ‘నీ ట్రైన్ హైదరాబాద్ నుంచే’ అని చెప్పి చూడండి. ‘ఉన్నది హైదరాబాద్‌లోనే కదా’ అనుకుని సికింద్రాబాద్‌లో నిమ్మళంగా కూర్చుంటాడు. అదీ హైదరాబాదే మరి!

అందుకే చుట్టాలకు ఊరి పేరు కాదు, టికెట్ మీది కోడ్ చెప్పండి. హెచ్‌వైబీ అయితే నాంపల్లి, ఎస్‌సీ అయితే సికింద్రాబాద్, కేసీజీ అయితే కాచిగూడ. అదీ ఆటో ఎక్కకముందే.