బడి కంచెలో పాఠం

కడప జిల్లాలో ఏ హైస్కూలుకైనా వెళ్లండి. ప్రహరీ గోడ ఉంటే దాని అవతల, లేకపోతే గోడ ఉండాల్సిన చోటే, కంపచెట్లు కనిపిస్తాయి. సర్కారు తుమ్మ అంటారు, సీమ తుమ్మ అంటారు, విసుగొస్తే వట్టి కంప అంటారు. క్రికెట్ బంతి అందులో పడితే ఎవరు పోయి తేవాలన్నది పెద్ద తగాదా. ముల్లు చెప్పును దాటుకొని కాల్లో దిగుతుంది. తొమ్మిదో తరగతి పిల్లోడికి ఆ చెట్టు గురించి తెలిసింది అంతే. వాడి సైన్సు పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ ఉంది, దారువు ఉంది, పోషక కణజాలం ఉంది. ఆ పాఠం వింటూ కిటికీలోంచి చూస్తే కనబడే చెట్టు మాత్రం లేదు.

మొక్కలు మనిషికి ఎందుకు ముఖ్యమని అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. ఆక్సిజన్ ఇస్తాయి, నీడనిస్తాయి, వానలు కురిపిస్తాయి. వనమహోత్సవం రోజున మైకులో విన్నదే. తప్పేం లేదు, మార్కులూ పడతాయి. కానీ ఆ జవాబులో ఒక్క చెట్టు పేరు కూడా లేదు. ఊరు లేదు, ఆకలి లేదు, ధర లేదు, కొట్లాట లేదు. కర్నూలు, కడప పిల్లలకు ఈ పాఠం చెప్పదలిస్తే ఆ కొట్లాటల దగ్గరే మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది. అదీ కంపచెట్టుతోనే.

ఒక దొర, రెండు మొక్కలు

1876లో వాన ముఖం చాటేసింది. పంచాంగం లెక్కన అది ధాత నామ సంవత్సరం, అందుకే పెద్దవాళ్లు ధాత కరువు అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల మీద దెబ్బ గట్టిగా పడింది. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. సరిగ్గా ఆ 1876లోనే మద్రాసు అటవీ శాఖ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ బెడ్డోమ్ రెవెన్యూ శాఖకు ఒక ఉత్తరం రాశాడు. ఎండు నేలల్లో తట్టుకొని బతికే చెట్టు ఒకటుంది, తెప్పించి నాటిద్దామని దాని సారాంశం. విత్తనాలు జమైకా నుంచి వచ్చాయి. దేశంలో ఆ చెట్టును మొదట నాటిన చోట్లలో కమలాపురం ఒకటి, 1877లో. కడపలో రైలెక్కి ఎర్రగుంట్ల వైపు పోతే మధ్యలో తగిలే ఆ కమలాపురమే.

ఆ చెట్టే ఈ కంప. శాస్త్రవేత్తల భాషలో ప్రోసోపిస్ జూలిఫ్లోరా.

తర్వాతి కథ చెప్పడానికి మాస్టారు అవసరం లేదు, మేకలు కాచే ఇంటి పిల్లలే చెప్పగలరు. ఆకును మేక పెద్దగా ముట్టదు. పసుపు రంగు కాయ తియ్యగా ఉంటుంది కాబట్టి దాన్ని మాత్రం వదలదు. గింజ అరగదు. పెంటికతో పాటు ఇంకో చోట పడి మొలుస్తుంది. నరికితే మొదట్లోంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. చెరువు కడుపులో, వంక గట్టున, బీడులో, రైలు కట్ట వెంట, ఎక్కడ చూసినా అదే. గడ్డి మొలవాల్సిన చోట గడ్డి పోయింది. నాటు పొదలు మొలిచే చోట అదే తిష్ఠ వేసింది. ఇది ఒక పక్క.

రెండో పక్క కూడా చెప్పాలి. గ్యాసు బండ కొనలేని ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ కంపతోనే. బొగ్గు బట్టీలు దాని మీదే నడిచాయి. పైసా పెట్టుబడి లేకుండా చేనికి కంచె అయింది. పంట పోయిన ఏడాది కంప కొట్టి అమ్ముకున్న కుటుంబాలు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. మరి బెడ్డోమ్ చేసింది మంచా, చెడా? పదో తరగతి గదిని రెండుగా చీల్చి ఈ ఒక్క ప్రశ్న వేస్తే గంట కొట్టినా పిల్లలు లేవరు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు ఇది పనికిరాదన్నది నిజమే. పాఠానికి పనికొస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. శేషాచలం, పాలకొండల్లో పేరిత అనే మొక్క పెరుగుతుంది. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈతకూ దానికీ చుట్టరికమే లేదు. పూలు పూసే మొక్కలు భూమ్మీదికి రాకముందే ఉన్న వంశం దానిది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా అది తనంతట తాను పెరగదు. మగ శంకువులను మందుల కోసం కోసుకుపోవడం, ఏటా కొండలకు అంటుకునే మంటలు కలిసి దాన్ని అంచుకు నెట్టాయి. వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటిస్‌లో అతి కఠినమైన మొదటి అనుబంధంలో దాన్ని చేర్చారు. 1883లో ఈ మొక్కకు పెట్టిన శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమీ. అదే బెడ్డోమ్! తిరుపతి, కడప కొండల్లో మాత్రమే మిగిలిన మొక్క ఆయన పేరు మోస్తోంది, కడప బీళ్లన్నీ కమ్మేసిన మొక్క ఆయన ఉత్తరంతో వచ్చింది.

ఉగ్గాని ప్లేటు

పొద్దున్నే కర్నూల్లో ఏ బండి దగ్గరైనా ఉగ్గాని, బజ్జీ ఉంటాయి. రాయలసీమకు ఇంతకంటే సొంత టిఫిను లేదని మనం తగువుకు కూడా దిగుతాం. ఆ ప్లేటును ఒకసారి బల్ల మీద పెట్టి విడదీద్దాం.

బొరుగులు వరి నుంచి వచ్చాయి, ఆ వరి పుట్టిల్లు ఆసియా. ఉల్లిగడ్డ మధ్య ఆసియాది. పప్పుల పొడిలోని పుట్నాలు, బజ్జీ పిండి రెండూ శనగవే, అది టర్కీ ఆగ్నేయ ప్రాంతంలో మచ్చికైన గింజ. నూనె చెనిక్కాయలది, దాని సొంత ఊరు దక్షిణ అమెరికా. ఇక మిరపకాయ మెక్సికో వైపు నుంచి ఓడ దిగింది. పసుపూ కరివేపాకూ మాత్రం మనవని గట్టిగా చెప్పుకోవచ్చు. శ్రీకృష్ణదేవరాయలు చిన్నపిల్లోడుగా ఉన్నప్పుడు ఈ నేల మీద ఎవరూ మిరపకాయ కొరకలేదు. కారమంటే మిరియమే. కొత్తగా వచ్చిన కాయకు ఆ మిరియం పేరే అతుక్కుని మిరపకాయ అయింది. సీమ కారం గురించి మనం కొట్టే డప్పు వయసు అయిదు వందల ఏళ్లు కూడా లేదు.

మధ్యాహ్న భోజనంలో ఇచ్చే చిక్కీతోనూ ఇదే ఆట ఆడొచ్చు. చెనిక్కాయ ఒక ఖండం నుంచి, బెల్లం చేసే చెరకు న్యూగినీ నుంచి వచ్చాయి. రాగి జావలోని రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల నుంచి నడిచొచ్చింది. సంగటి ముద్దకు కూడా వలస కథ ఉందని తెలిసిన పిల్లకు చరిత్ర పుస్తకం, సైన్సు పుస్తకం, భూగోళం వేర్వేరు సబ్జెక్టులుగా కనబడవు.

మరి మన నేల సొంతంగా ఏమీ ఇవ్వలేదా? ఇచ్చింది. పాత కర్నూలు జిల్లా రూపనగుడి, కడప జిల్లా పెద్దముడియం లాంటి చోట్ల నవీన శిలాయుగపు ఊళ్లు బయటపడ్డాయి. అక్కడి మట్టిని నీళ్లలో కలిపితే బరువైన మన్ను అడుగుకు పోయి, వేల ఏళ్ల కిందట పొయ్యిలో మాడిన గింజలు పైకి తేలతాయి. డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య, మార్టిన్ జోన్స్ కలిసి 2004లో ప్రచురించిన పరిశోధన ఈ తేలిన గింజల మీదే. దక్షిణాదిలో తొలి రైతులు మచ్చిక చేసిన పంటల్లో ఉలవ, పెసర, అండుకొర్ర ఉన్నాయని అది చెబుతుంది. నాలుగు వేల ఏళ్ల కిందటి మాట. ఎద్దులకు ఉడకేసే గింజ అని మనం చులకనగా చూసిన ఉలవ, ఈ చుట్టుపక్కల మనిషి చేతిలో పెరిగిన పంట. అండుకొర్ర అయితే కనబడకుండా పోయి, ఇప్పుడు సిరిధాన్యమని ప్యాకెట్లో తిరిగొచ్చింది.

పై పరీక్ష బళ్లో చేయడానికి ల్యాబు అక్కర్లేదు. ఒక బకెట్టు, మాడిన నాలుగు ఉలవలు, గుప్పెడు మన్ను ఉంటే చాలు.

పేరులో ఉన్న తెలుగు

1999లో జేమ్స్ వాండర్సీ, ఎలిజబెత్ షుస్లర్ అనే ఇద్దరు అమెరికా అధ్యాపకులు ఒక మాట పుట్టించారు. కళ్ల ముందున్న మొక్క కనబడకపోవడం, కనబడినా జంతువులకు వెనకాల ఉండే పచ్చటి తెరలా తోచడం ఒక రకం గుడ్డితనమన్నారు. మన దగ్గర దానికి ఇంకా సులువైన మాట ఉంది. పేరు తెలియని ప్రతిదీ పిచ్చిమొక్క.

మొన్నమొన్నటి దాకా అలా లేదు. గొర్రెల కాపరి ఎండలో దాహమైతే రాళ్ల సందులో పెరిగే కుందేటికొమ్ములు విరుచుకుని పచ్చిగానే నమిలేవాడు. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమండల్ తీరపు మొక్కల మీద 1795లో తెచ్చిన పుస్తకంలో ఆ మొక్క బొమ్మ వేయించాడు, పచ్చిగా తింటారనీ రాశాడు, తెలుగువాళ్లు దాన్ని కారల్లం అంటారనీ చేర్చాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ ఆ మాటకే లాటిన్ తోక తగిలించి ప్రజాతికి కారల్లుమా అని పేరు పెట్టాడు. ఆఫ్రికాలో పరిశోధకుడు రాసినా, యూరప్‌లో రాసినా ఆ ప్రజాతిని మన మాటతోనే పిలవాలి. సోమిద చెట్టుదీ అదే దారి. దాని ప్రజాతి సోయ్‌మిడా, జాతి పేరు ఫెబ్రిఫ్యూగా, అంటే జ్వరాన్ని తరిమేది. రాక్స్‌బర్గ్ దాని బెరడును జ్వరానికి వాడే సింకోనాకు బదులుగా వాడొచ్చని చూశాడు. కడప కాపరి నాలుక మీది పేర్లు లండన్ పుస్తకాల్లోకి ఎక్కాయి. అదే కాపరి మనవడి నోట్సులో లేవు.

పేరు పోతే ఏమవుతుందో కలివికోడి చెబుతుంది. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ ఈ పక్షిని లోకానికి చూపాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందన్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడి చేతికి చిక్కింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అంతకుముందే బొమ్మలు పట్టుకుని ఊళ్లు తిరిగాడు కాబట్టి సంగతి బయటికొచ్చింది. 1988లో లంకమల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా ఈ పక్షి కోసం మార్చాల్సి వచ్చింది. పిట్ట కథ అందరూ రాస్తారు. నేను పిల్లల్ని అడగమనేది వేరే: ఆ కోడికి ఆ పేరెందుకు? కలివి అంటే పొద. నల్లటి పుల్లపండ్లు కాసే, ముళ్లుండే వాక్కాయ జాతి పొద. సర్కారు లెక్కల్లో పనికిరాని చిట్టడవి అని రాసుకున్న నేలే ఆ పక్షికి ఇల్లు. అక్కడ పెద్ద చెట్లు నాటి పచ్చదనం పెంచామని సంబరపడితే పక్షి పోతుంది. మొక్కలు నాటడమే మొక్కల పాఠం కాదని చెప్పడానికి నాకు తెలిసిన ఉదాహరణల్లో ఇంతకంటే మంచిది లేదు.

దుంగ కాదు, చెట్టు

ఎర్రచందనం అనగానే పిల్లలు భుజం ఒకటి పైకెత్తి గడ్డం కింద చెయ్యి తిప్పుతారు. 2021లో వచ్చిన పుష్ప సినిమా పుణ్యమా అని లారీ, దుంగ, రేటు అన్నీ తెలుసు. చెట్టు తెలియదు. ఒక్కో కాడకు సాధారణంగా మూడు గుండ్రటి ఆకులని, పసుపు పూలని, చుట్టూ రెక్క ఉన్న బిళ్లలాంటి కాయని చూపించి ఇదేంటంటే చాలామంది నోరు తెరుస్తారు. కడప, చిత్తూరు, నెల్లూరు కొండల్లో, కొంత కర్నూలు వైపు తప్ప ఇది అడవిగా దాదాపు ఎక్కడా లేదు. బీద రాతి నేలలో నిదానంగా పెరుగుతుంది, చేవ ముదిరాక నీళ్లలో వేస్తే మునుగుతుంది. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీ వాద్యానికి ఈ కర్ర అంటే మోజు. 1995 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. చెట్టు విలువ ఎవరి జేబులోకి పోతుంది, ప్రాణం ఎవరిది పోతుందన్న ప్రశ్న సాంఘికశాస్త్రం మాస్టారిది అని బయాలజీ టీచరు తప్పించుకోకూడదు.

విలువ శాశ్వతం కాదని కూడా తెలియాలి. పందొమ్మిదో శతాబ్దంలో కడప, కర్నూలు నీలిమందు మద్రాసు నుంచి ఓడలెక్కేది. ఆకును తొట్టెల్లో నానబెట్టి, ఆ నీళ్లను గాలి తగిలేలా చిలికితే నీలం తేలేది. రసాయనశాస్త్రంలో ఆక్సీకరణం అనే పాఠం అదే. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఇక్కడి చేలలో నీలి మొక్క మాయమైంది.

పర్యావరణ పాఠం తప్పనిసరి చేయమని సుప్రీంకోర్టు చెప్పింది 1991లో, న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో. పాఠం వచ్చింది, పుస్తకంలోకి. దాన్ని నేల మీదికి దించే సరంజామా మన దగ్గరే ఉంది. వెంకటరాజు, పుల్లయ్య కలిసి 1995లో కర్నూలు జిల్లా మొక్కలన్నిటికీ ఒక గ్రంథం రాసిపెట్టారు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయానికి వృక్షోద్యానం ఉంది. వీటికంటే దగ్గర్లో ప్రతి ఇంటి అరుగు మీదా ఒక అవ్వ ఉంది. నన్నారి షర్బత్ తాగే పిల్లోడు ఆ వాసన సీసాది కాదు వేరుదని, దాని కోసం నల్లమల, శేషాచలం కొండల్లో మారేడు కొమ్ముల తీగను వేళ్లతో సహా తవ్వేస్తున్నారని తెలుసుకోవడానికి ఆ అవ్వను రెండు మాటలు అడిగితే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త. అవ్వ చెప్పిందల్లా మందు కాదు. గన్నేరు, ఉమ్మెత్త, గురిగింజ కూడా మొక్కలే, ప్రాణం తీస్తాయి. రాసుకోవడం వరకే, నోట్లో పెట్టుకోవడం లేదని మొదటి రోజే చెప్పాలి.

ఇక నోట్సు పని. పాత దినపత్రిక మడతల మధ్య కొమ్మను ఆరబెట్టి, అట్ట మీద అతికించి, ఊరు, తేదీ, అవ్వ చెప్పిన పేరు రాయాలి. కంపచెట్టు కొమ్మకు కొదవ లేదు, ముల్లు గుచ్చుకోకుండా తెచ్చుకుంటే చాలు. ఎదురు పేజీ పేరితది. దాని ఆకు తుంచాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, కాబట్టి అక్కడ ఫొటో అతికించుకోవాల్సిందే.