కొత్త వరి రకం అన్నం – రుచిని పరీక్షించే పద్ధతులు

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) సన్నని గింజతో, మంచి అన్నంతో పేరు పొందినప్పటికీ బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. నిరోధక జన్యువులను చేర్చి హైదరాబాదు శాస్త్రవేత్తలు మెరుగైన సాంబ మసూరిని రూపొందించారు. ఇటువంటి రకం రైతుల వద్ద నిలవాలంటే దాని అన్నం తినేవారికి మునుపటిలాగే అనిపించాలి. అమైలోజ్ శాతం వంటి కొలతలు మెత్తదనాన్ని కొంతవరకు సూచిస్తాయి. రుచిని తేల్చేది మాత్రం మనిషి నాలుకే. అందుకు రెండు ప్రశ్నలను వేరుచేయాలి: తేడా తెలుస్తున్నదా? ఏది నచ్చింది?

తేడా తెలుస్తున్నదా?

దీనికి ట్రయాంగిల్ పరీక్ష అనువైనది. మూడు నమూనాలలో రెండు ఒకే రకానివి. వేరుగా ఉన్నదానిని గుర్తించాలి. ఊహించి చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతాయి. అందువలన 24 మందిలో కనీసం 13 మంది సరిగా గుర్తిస్తేనే 5 శాతం స్థాయిలో తేడా ఉన్నట్లు నిర్ధారిస్తారు. అయితే తేడా తేలకపోవడం, రెండూ ఒకటేనని రుజువు కావడం ఒకటి కాదు. సమానత్వాన్ని చూపాలంటే ఇంకా ఎక్కువ మంది అవసరం.

ఏది నచ్చింది?

దీనికి తొమ్మిది పాయింట్ల హెడోనిక్ స్కేలును వాడతారు. 1 అంటే ఏమాత్రం నచ్చలేదని, 5 అంటే నచ్చిందనీ నచ్చలేదనీ చెప్పలేమని, 9 అంటే ఎంతో నచ్చిందని అర్థం. జిగురు, సువాసనల తీవ్రతను శిక్షణ పొందిన బృందం చెప్పగలదు. ఇష్టాన్ని మాత్రం ఆ అన్నం రోజూ తినే సాధారణ వినియోగదారులనే అడగాలి. శిక్షణ పొందినవారు సామాన్యుల వలె తినలేరు.

పాటించవలసిన జాగ్రత్తలు

• రకం పేరు తెలియనీయక, నమూనాలకు మూడంకెల యాదృచ్ఛిక సంఖ్యలు ఇవ్వాలి.
• అన్ని నమూనాలను ఒకే వేడిలో, ఒకే పరిమాణంలో వడ్డించాలి.
• మొదట తిన్నదానికి ఎక్కువ మార్కులు పడే అవకాశం ఉన్నందున వరుసను మార్చుతుండాలి. ట్రయాంగిల్ పరీక్షలో సాధ్యమయ్యే ఆరు వరుసలను సమానంగా పంచాలి.
• రంగు ప్రభావాన్ని తగ్గించడానికి ఎర్రని కాంతిని వాడవచ్చు.
• నమూనాల మధ్య నోరు పుక్కిలించడానికి నీరు ఇవ్వాలి.

పొలంలో మళ్ళను యాదృచ్ఛికంగా కేటాయించే సూత్రమే ఇక్కడ పళ్ళేలకూ వర్తిస్తుంది. రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పనిచేసిన ఫిషర్ 1935 నాటి గ్రంథంలో ఈ సూత్రాన్ని ఎనిమిది కప్పుల టీ పరీక్షతోనే వివరించారు. దిగుబడి ప్రయోగానికి చూపే శ్రద్ధను రుచి పరీక్షకూ చూపితే, వినియోగదారుల తిరస్కారాన్ని రకం విడుదలకు ముందే గుర్తించవచ్చు.